బడిలో మొదటి సంవత్సరము: ముందుగా సిద్ధపరచవలసినవి

రోహిణి కార్తె ఎండలు మండుచుండగనే రైతు విత్తనములు సమకూర్చుకొనును. నాగలి కఱ్ఱు సాగగొట్టించుకొనును. దుక్కి సిద్ధము చేసికొనును. మృగశిర ప్రవేశించి తొలకరి జల్లు పడిన తరువాత విత్తనములకై బజారునకు పరుగెత్తువానిని చూచి ఊరివారు నవ్వుదురు. అదే మృగశిర కార్తెలో, జూన్ 12వ తేదీ ప్రాంతమున, మన రాష్ట్రమందు బడులు తెరువబడుచున్నవి. కాని మొదటి తరగతిలో చేరవలసిన పిల్లవాని విషయమున మనలో అనేకులు బడి గంట మ్రోగిన తరువాతనే కదలుదురు. సంచి ఒకటి కొన్నచో సిద్ధపడుట ముగిసినదని తలంతురు.

అక్షరాభ్యాసము నాడు పళ్ళెరములో బియ్యము పోసి, పిల్లవాని వ్రేలు పట్టుకొని తొలి అక్షరము దిద్దించి, ఇరుగుపొరుగు పిల్లలకు పలకలు, బలపములు పంచిపెట్టుట మన ఇండ్లలో ఆచారము. మార్కాపురము పలక ఒకటి, బలపపు ముక్కలు రెండు, భుజమునకు ఒక గుడ్డ సంచి: మా చిన్ననాటి సామగ్రి అంతటితో సరి. నేటి ప్రభుత్వ పాఠశాలలో అంతకంటె ఎక్కువయే లభించుచున్నది. పాఠ్యపుస్తకములు, వ్రాత పుస్తకములు, దుస్తుల గుడ్డ, బూట్లు, మేజోళ్ళు, బెల్టు, సంచి కలిపి ఒక్కటిగా ఇచ్చు పద్ధతి 2020లో ఆరంభమైనది. 2025లో ఈ సామగ్రి సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అను పేర పంచబడినది. కనుక తల్లిదండ్రులు అప్పు చేసి కొనవలసిన వస్తువు దాదాపు లేదనియే చెప్పవచ్చును. దుస్తులు గుడ్డ రూపమున వచ్చుచున్నవి కాబట్టి కుట్టించు పని మాత్రము మిగులును. ఊరంతటికి ఒక్క దర్జీయే ఉన్నచోట బడి తెరచిన నెలకు గాని చొక్కా చేతికి రాదు. మహిళా సంఘములలో కుట్టుపని నేర్చినవారు ఎందరో కలరు. వారికి ముందుగా చెప్పి ఉంచుట పంచాయతీ సభ్యులకు కష్టమైన పని కాదు. లాగు నడుముకు గుండీకి బదులు సాగు పట్టీ కుట్టుమని కూడ చెప్పవలెను. గుండీ విప్పుకొనలేక తరగతిలోనే బట్టలు తడుపుకొన్న పిల్లవాడు మరునాడు బడికి రానని ఏడ్చును. కారణము మాత్రము ఎవరికిని చెప్పడు.

సంచి బరువును గూర్చి ఒక్క మాట. 2020లో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన బడిసంచి విధానము ప్రకారము సంచి బరువు పిల్లవాని బరువులో పదియవ వంతును మించరాదు. రెండవ తరగతి వరకు ఇంటిపని ఇయ్యరాదు. సంచి ఎంత బరువైన అంత గొప్ప చదువని నమ్ము తల్లిదండ్రులు ఈ మాటను అంత సులభముగా అంగీకరింపరు.

ఇక దుకాణములో దొరకని వస్తువులను గూర్చి చెప్పవలసి ఉన్నది. వానిలో మొదటిది పిల్లవాని పేరు. ఇంటిలో బుజ్జి, చిన్నోడు, చిట్టి అని పిలుచుచుందురు. హాజరు పట్టికలో తాతగారి పేరుతో కలిపి మూడు మాటల పేరు ఉండును. ఉపాధ్యాయుడు ఆ పేరు పిలిచినపుడు పిల్లవాడు తనను కాదని ఊరకుండును. మొదటి వారమంతయు ఇట్లు పలుకని పిల్లలను నేను స్వయముగా చూచితిని. వేసవి సెలవులలోనే ఆ పేరుతో పిలిచి అలవాటు చేసినచో ఈ చిక్కు ఉండదు.

పేరునకు కాగితము కూడ కావలెను. మన ఇండ్లలో బిడ్డ పుట్టిన కొన్ని వారములకు, ఒక్కొక్కచోట కొన్ని నెలలకు, నామకరణము జరుగును. జననము మాత్రము 21 దినములలోపల నమోదు కావలెను. అందుచేత అనేక జనన ధ్రువపత్రములలో తల్లిదండ్రుల పేర్లు ఉండును గాని బిడ్డ పేరు ఉండదు. నమోదైన నాటినుండి 12 నెలలలోపల ఆ పేరును రుసుము లేకుండ చేర్పించుకొనవచ్చును. తరువాత 15 సంవత్సరముల వరకు రుసుము చెల్లించి చేర్పించుకొనవచ్చును. ఈ సౌకర్యము కలదని తెలియనివారే ఎక్కువ. అసలు నమోదే జరుగక ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఉత్తర్వు అవసరమగును. ఆ పనికి కూలి దినములు కొన్ని పోవును. జనన మరణముల నమోదు చట్టమునకు 2023లో చేసిన సవరణ ఆ సంవత్సరము అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆనాటి నుండి పుట్టినవారికి విద్యాసంస్థలలో ప్రవేశము మొదలైన పనులకు జనన ధ్రువపత్రమే ఆధారము. ఆ బిడ్డలు బడి గడప త్రొక్కు నాటికి ఇంటింట ఆ కాగితము ఉండునట్లు ఇప్పటినుండియే చూడవలెను. ఇంకొక సంగతి మరువరాదు. వయస్సునకు ఆధారము చూపలేదన్న కారణమున ఏ బిడ్డకును ప్రవేశము నిరాకరింపరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము 14వ విభాగము చెప్పుచున్నది. కాగితము లేదని తిరిగి వచ్చిన తల్లి ఎవరైన ఉన్నచో సభ్యులు ఆమెను వెంటబెట్టుకొని బడికి పోవలసినదే.

ఆ చట్టమే 9వ విభాగమున మరియొక బాధ్యతను స్థానిక సంస్థలపై ఉంచినది. తమ పరిధిలో నివసించు 14 సంవత్సరముల లోపు పిల్లల వివరములు వ్రాసి ఉంచవలెను. స్థానిక సంస్థ అనగా పంచాయతీ కూడ. అంగన్‌వాడీ కార్యకర్త యొద్దనున్న పుస్తకము, ఆశా కార్యకర్తకు తెలిసిన ఇండ్లు, వార్డు సభ్యునకు తెలిసిన కొత్త కాపురములు, ఈ మూడును ఒకచోట చేర్చినచో జాబితా ఒక్క సాయంకాలములో సిద్ధమగును. ఊరి చివర గుడిసెలు వేసికొని ఉన్నవారు, ఇటుక బట్టీల యొద్ద ఉన్నవారు ఆ జాబితాలో చేరిరా లేదా అని రెండవమారు చూచుట మంచిది.

కొన్ని సంవత్సరముల క్రిందట బడి ప్రవేశముల ప్రచారమునకై ఒక గ్రామమునకు వెళ్ళితిని. సభ ముగిసిన తరువాత పాఠశాల చూడబోతిని. మొదటి తరగతిలో వెనుక వరుసను ఏడేండ్ల బాలిక ఒకతె గోడకు ఆనుకొని కూర్చుండెను. అంతకు ముందు ఏడు కూడ ఆమె అదే తరగతిలోనే కూర్చున్నదట. "ఎన్నిసార్లు చెప్పినా ఈ పిల్లకు ఎక్కదండీ" అని ఉపాధ్యాయిని విచారముతోనే చెప్పెను. సాయంకాలము ఆ పిల్లను తీసికొనిపోవుటకు అవ్వ వచ్చినది. మాటలలో అడుగగా, "పాలు తాగేనాటి నుంచీ చెవి కారుతానే ఉందయ్యా, నూనె కాచి పోస్తానే ఉన్నాం" అనెను. ఆ బిడ్డకు చదువు ఎక్కకపోవుట కాదు, మాట వినబడకపోవుట. ఉపాధ్యాయిని ఆ మాట విని కొంతసేపు ఏమియు పలుకలేదు. తరువాత ఆ బాలికను ఆసుపత్రికి పంపిరి. కొన్ని నెలల వైద్యముతో చీము నిలిచినదనియు, మొదటి వరుసలో కూర్చుండి చదువుచున్నదనియు తెలిసినది. రెండేండ్లు మాత్రము పోయినవి. బడిలో చేర్పించుటను గూర్చి ఆనాడు నేను అరగంట ఉపన్యసించితిని. అందులో చెవిని గూర్చి ఒక్క మాటయు లేదు.

కారు చెవిలో నూనె గాని, ఆకు పసరు గాని పోయరాదు, వైద్యునికి చూపవలెను. బడికి పంపుటకు ముందు ప్రతి ఇంటిలోను రెండు చిన్న పనులు చేయవచ్చును. పిల్లవాడు ఆడుకొనుచుండగా వెనుక కొంత దూరమున నిలిచి, మెల్లని గొంతుకతో పేరు పెట్టి పిలువవలెను. ఒక కన్ను అరచేత మూయించి, దూరముననున్న మేకనో, గోడమీది బొమ్మనో చూపి ఏమని అడుగవలెను. పిదప రెండవ కన్ను. ఇది వైద్య పరీక్ష కాదు, అనుమానము కలిగించుకొను ఉపాయము మాత్రమే. అనుమానము కలిగినచో చూపించుటకు ఏర్పాటు కలదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండు పర్యాయములు, ప్రభుత్వ పాఠశాలలకు ఒక పర్యాయము వచ్చి పిల్లలను పరీక్షింపవలసి ఉన్నది. బృందము వచ్చు తేదీని ముందుగా తెలిసికొని దండోరా వేయించినచో ఆ దినమున పిల్లలు పొలములలో ఉండరు.

అయిదారేండ్ల వయస్సున వేయవలసిన డి.పి.టి. బూస్టరు సూదిమందు కూడ ఈ సందర్భముననే వేయించవలెను. బిడ్డ నెలల వయస్సు దాటగనే టీకాల కార్డు పెట్టె అడుగునకు చేరుటచే దీనిని మరచువారు పలువురు. బలపము కొరికి తిను పిల్లలను చూచి మనము నవ్వి ఊరకుందుము. మట్టి, సుద్ద, బలపము తినవలెనను కోరిక రక్తహీనతకు గుర్తు కావచ్చును. ఫిబ్రవరి, ఆగస్టు మాసములలో నులిపురుగుల నివారణకు ఇచ్చు మాత్రను, అయిదు సంవత్సరములు నిండినవారికి వారమునకొకటి చొప్పున ఇచ్చు గులాబి రంగు ఇనుము మాత్రను పిల్లలు వాడునట్లు చూడవలెను.

పంచాయతీ స్వయముగా చేయగల పని బడి దారియందున్నది. మే మాసమున ఒక ఉదయము సభ్యులు నలుగురు కలిసి, ఊరిలో బడికి అన్నిటికంటె దూరముగా నున్న ఇంటినుండి, ఆరేండ్ల పిల్లవాని చేయి పట్టుకొని బడివరకు నడచి చూడవలెను. పెద్దవారి కంటికి కనబడనివి అప్పుడు కనబడును. వరలు లేని పాడుబావి, కంచె లేని ట్రాన్సుఫార్మరు, కాలువపై నున్న తాటి మొద్దు, వాహనములు వేగముగా వచ్చు మలుపు: వేసవిలో ఎండిన కాలువ జూలైలో పిల్లవాని నడుము దాటి పారును. తాటి మొద్దు స్థానమున నాలుగు సిమెంటు తూములు వేయుటకు పంచాయతీ నిధులు చాలును. పాడుబావిపై కప్పు వేయించుటకు తీర్మానము ఒక్కటి చాలును.

బడి చేరిన తరువాత మరుగుదొడ్డి తలుపు తీసి చూడవలెను. గడియ పెద్దల ఎత్తున ఉన్నదా? లోపల వెలుతురు ఉన్నదా? నీరు ఎచ్చటనుండి తెచ్చుకొనవలెను? చీకటి దొడ్డికి భయపడి ఉదయమునుండి సాయంకాలము వరకు బిగబట్టి కూర్చుండు ఆడపిల్లలు కలరు. అందుకై మంచినీరు త్రాగుటయే మానుదురు. బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లు, త్రాగునీరు ఉండవలెనని విద్యాహక్కు చట్టపు అనుబంధముననే ఉన్నది. కట్టించుట జరిగినను గడియ రెండడుగులు క్రిందికి దింపించుట, కుళాయి పిల్లల చేతికందునట్లు అమర్చుట చట్టములో వ్రాయబడవు. అవి సభ్యులు చూచి చేయింపవలసినవి. పాఠశాల యాజమాన్య సంఘములో ముప్పాతిక వంతు తల్లిదండ్రులే ఉండవలెను. మొత్తము సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను. గడియ సంగతి మొదట చెప్పునది సాధారణముగా తల్లియే గనుక ఆమెను సమావేశములో మాటలాడనీయవలెను.

కోయ, సవర, బంజారా గూడెములనుండి వచ్చు పిల్లలకు బడిలో వినబడు తెలుగు కొత్త భాష. నీళ్ళు కావలెను, బయటికి పోవలెను, కడుపు నొప్పి అని వారు తమ భాషలో చెప్పు మాటలు ఒక పది ఉపాధ్యాయునకు తెలిసి ఉండుట ఎంతయో మేలు. ఆ మాటలు నేర్పగల పెద్దలు గూడెములోనే ఉన్నారు.

డబ్బు చేతికి వచ్చిన తరువాత పంపుదమను తల్లిదండ్రులు కొందరు కలరు. 2025లో తల్లికి వందనం పథకము క్రింద మొదటి తరగతిలో కొత్తగా చేరినవారి తల్లులకు ప్రవేశములు ముగిసిన పిదపనే, జూలైలో, సొమ్ము జమ అయినది. చేరిన తరువాతనే అది వచ్చును గాని, వచ్చిన తరువాత చేరుట అనునది లేదు.

ఇంకొక సంగతి మిగిలినది. జూన్‌లో చేరినవారిలో జనవరికి ఎందరు మిగిలిరో చూచినగాని మొదటి సంవత్సరపు లెక్క తేలదు. కర్నూలు జిల్లా పడమటి మండలముల నుండి మిరప కోతలకు గుంటూరు ప్రాంతమునకు కుటుంబములు తరలిపోవుచుండుట తెలిసినదే. వారితో పిల్లలును పోవుదురు. మూడు నెలల తరువాత తిరిగి వచ్చిన పిల్లవాడు నేర్చిన అక్షరములు మరచి, తోడివారు ముందుకు పోగా సిగ్గుపడి బడికి దూరమగును. కావున ఏ ఇండ్లవారు వలస పోనున్నారో సభ్యులు సంక్రాంతికి ముందే అడిగి తెలిసికొనవలెను. అవ్వ, తాత ఇంటివద్ద ఉన్నచో పిల్లవానిని వారి యొద్ద నిలుపుటకు ఒప్పింపవచ్చును. అట్టివారికై నడుపు కాలానుగుణ వసతి గృహములను గూర్చి మండల విద్యాశాఖాధికారిని అడుగవచ్చును. తప్పక పోవలసి వచ్చినచో, పోవు ఊరి బడిలో చేరుటకు బదిలీ పత్రము వెంటనే ఇయ్యవలెనని విద్యాహక్కు చట్టము 5వ విభాగము చెప్పుచున్నది. ఆ పత్రమును లారీ ఎక్కు దినమునకు ముందే తల్లి చేతికి ఇప్పించవలెను.