ఎ గర్ల్ వాక్స్ హోమ్ అలోన్ ఎట్ నైట్

ఎ గర్ల్ వాక్స్ హోమ్ అలోన్ ఎట్ నైట్ 2014లో వెలువడిన నలుపు-తెలుపు భయానక చలనచిత్రము. దర్శకురాలు ఆనా లిలీ అమీర్‌పూర్ ఇరానీ దంపతులకు ఇంగ్లండులో జన్మించి అమెరికాలో పెరిగినది. చిత్రములోని సంభాషణలు పర్షియన్ భాషలో ఉన్నవి; చిత్రీకరణ మాత్రము కాలిఫోర్నియాలోని చమురు బావుల పట్టణము టాఫ్ట్‌లో జరిగినది.

"బ్యాడ్ సిటీ" అను కల్పిత ఇరానీ పట్టణములో రాత్రివేళ చాదర్ కప్పుకొని తిరుగు ఒక రక్తపిశాచి కథ ఇది. రక్తపిశాచి ఐరోపా జానపద గాథలది, చాదర్ ఇరానుది. ఒకసారి చాదర్ ధరించినపుడు తాను గబ్బిలమువలె ఉన్నట్లు తోచి ఈ ఊహ కలిగినదని దర్శకురాలు చెప్పినది.

నిధుల సేకరణ

ఇదే పేరుతో 2011లో ఆమె ఒక లఘుచిత్రము తీసినది. అమెరికాలో పర్షియన్ భాషలో, అదీ రంగులు లేకుండా తీయు చిత్రమునకు పెట్టుబడి దొరకుట సులభము కాదు. 2012లో ఇండీగోగో వెబ్‌సైటు ద్వారా ప్రజలనుండి దాదాపు 57 వేల డాలర్లు పోగుచేసిరి. ఇట్టి విరాళమునకు బదులుగా చిన్న కానుకలు లభించునే గాని లాభములో వాటా ఉండదు. వెబ్‌సైట్ల ద్వారా సామాన్యులకు వాటాలు అమ్ముకొను వెసులుబాటు అమెరికాలో 2016లో గాని అమలులోనికి రాలేదు. నటుడు ఎలైజా ఉడ్ కార్యనిర్వాహక నిర్మాతలలో ఒకడు. చిత్రము 2014 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవములో తొలిసారి ప్రదర్శితమైనది.