కీమో నోటిపూతకు ఉప్పు, సోడా నీళ్లు

క్యాన్సర్‌కు కీమో మందు ఎక్కించుకుని ఇంటికొచ్చిన వారం, పది రోజుల్లో చాలామందికి నోరు పూస్తుంది. మెతుకు మింగుడుపడదు. ‘ఈ బాధ పడలేం’ అని వైద్యం మధ్యలో మానేస్తే జబ్బు ముదిరే ప్రమాదముంది.

గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా తినేసోడా, సోడాలో సగం ఉప్పు కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మేయాలి. కారం, పులుపు మాన్పించి చల్లారిన రాగిజావ, మెత్తటి పప్పన్నం పెట్టండి.

ఫైవ్-ఎఫ్‌యూ సూది ఇచ్చేటప్పుడు ఐసుముక్కలు చప్పరిస్తే పూత రావడం తగ్గుతుంది. ఆక్సాలిప్లాటిన్ వాడేవారికి మాత్రం చల్లదనం పడదు. అందుకే డాక్టర్నడిగి చేయాలి.

ఇవన్నీ నొప్పికి ఊరటే గానీ జబ్బుకు మందు కాదు. పసరు వాడుతుంటే డాక్టరుకు దాచకండి. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే తెల్లారేదాకా ఆగొద్దు, ఆస్పత్రికి వెళ్లండి. కలుపు రేపైనా తీసుకోవచ్చు.