మట్టిలో ఇనుము

బావి తవ్వుతున్న చోటికి ఎప్పుడైనా వెళ్లి చూశారా? ఎర్రనేలలో గొయ్యి తీస్తే పైన జానెడు మందాన మట్టి గోధుమరంగులో ఉంటుంది. చెట్లు దట్టంగా పెరిగిన చోట అది మరింత ముదురుగా ఉంటుంది. కిందికి పోయేకొద్దీ ఎరుపు ఎక్కువవుతుంది. వరిమడిలో కాలు పెడితే లోపలి బురద నీలం కలిసిన బూడిదరంగులో పైకి వస్తుంది. ఈ రంగులకు చాలావరకు కారణం ఒకే లోహం. అదే ఇనుము. ఒకే ఇనుము ఇన్ని రంగులు ఎలా చూపుతుంది? రాలిన ఆకులకూ, కుళ్లిన వేళ్లకూ దీనితో చాలా సంబంధం ఉంది.

భూమి పైపొర బరువులో ఇనుము సుమారు 5 శాతం ఉంటుంది. ఎండకూ వానకూ రాళ్లు శిథిలమైనప్పుడు వాటిలోని ఇనుము బయటపడుతుంది. గాలి, నీరు సోకి తుప్పు వంటి పదార్థంగా మారుతుంది. మొదట ఏర్పడే ఈ సన్నని రేణువులను ఫెర్రిహైడ్రైట్ అంటారు. ఇవి స్థిరంగా ఉండవు. కాలం గడిచేకొద్దీ గట్టి స్ఫటికాలుగా మారతాయి. వేడిగా, పొడిగా ఉండే నేలలో హెమటైట్ ఎక్కువగా ఏర్పడుతుంది. గ్రీకు భాషలో రక్తానికున్న పేరు నుండి ఈ మాట పుట్టింది. ఎర్రనేలల ఎరుపు దీనిదే. చల్లగా, తేమగా ఉండే నేలలో పసుపు గోధుమరంగు గోథైట్ ఎక్కువగా ఏర్పడుతుంది. జర్మన్ మహాకవి గోథే పేరును 1806లో ఈ ఖనిజానికి పెట్టారు.

ఇక ఆకులు, గడ్డి, పేడ కుళ్లగా మిగిలే నల్లని పదార్థం హ్యూమస్. ఇది ఇనుప రేణువులను పొరలా అంటిపెట్టుకుంటుంది. అందువల్ల ఆ రేణువులు ఒకదానితో ఒకటి చేరి పెద్ద స్ఫటికాలు కావడం ఆలస్యమవుతుంది. కుళ్లే పదార్థాల నుండి వచ్చే ఆమ్లాలు కొంత ఇనుమును కరిగించి పట్టి ఉంచుతాయి. అలాంటి చోట హెమటైట్ తగ్గి, గోథైట్ పెరుగుతుంది. పైమట్టి గోధుమరంగులో ఉండటానికి ఇదొక కారణం. హ్యూమస్ సహజమైన నలుపు మరొక కారణం.

వరిమడిలో జరిగేది వేరు. నీరు నిలిచినందువల్ల మట్టిలోకి గాలి చొరదు. సేంద్రియ పదార్థాన్ని తిని బతికే సూక్ష్మజీవులకు ఆక్సిజన్ దొరకదు. అప్పుడు వాటిలో కొన్ని ఆక్సిజన్‌కు బదులు తుప్పులోని ఇనుమును వాడుకుంటాయి. దానితో ఇనుము నీటిలో కరుగుతుంది. ఎరుపు పోయి బూడిదరంగు వస్తుంది. అయితే వరి మొక్క ఆకుల ద్వారా గాలిని వేళ్లకు పంపుతుంది. వేళ్ల చుట్టూ ఇనుము మళ్లీ తుప్పుగా మారుతుంది. వరి మొక్కను పీకి చూస్తే వేళ్ల మీద ఎర్రని పూత కనబడేది అందుకే.

దీనిని మీరే పరీక్షించవచ్చు. రెండు గాజుసీసాలలో ఎర్రమట్టి, నీరు పోయండి. ఒకదానిలో మాత్రం తరిగిన పచ్చగడ్డి కలపండి. లోపల వాయువులు పుడతాయి కాబట్టి మూతలను వదులుగా పెట్టండి. కొన్ని వారాలలో గడ్డి కలిపిన మట్టి రంగు మారడం గమనిస్తారు. రెండవ సీసాలో అంత మార్పు ఉండదు. సూక్ష్మజీవులకు అక్కడ తగినంత ఆహారం లేదు.

ఈ విషయం రైతుకు ఎంతో ముఖ్యమైనది. సున్నం ఎక్కువగా ఉన్న నేలలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. వేరుశనగ లేత ఆకులు పసుపు పచ్చగా పాలిపోతాయి. అప్పుడు రైతులు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లుతారు. అన్నభేది ఇనుమునిస్తుంది. నిమ్మ ఉప్పు ఆ ఇనుమును కరిగిన స్థితిలోనే నిలుపుతుంది. పశువుల ఎరువు కూడా నేలలో ఇటువంటి మేలే చేస్తుంది. అయితే మితిమీరినా చేటే. ఆమ్లగుణం గల పల్లపు నేలల్లో నీరు కదలకుండా నిలిస్తే కరిగిన ఇనుము హెచ్చుతుంది. వరి ఆకులు కంచురంగుకు తిరిగి పైరు దెబ్బతింటుంది. ఒడిశాలోని కొన్ని పల్లపు పొలాల్లో ఈ బాధ ఉంది. అక్కడ మురుగునీరు పోయే కాలువలు తీయాలి.

పైమట్టి కొట్టుకుపోతే ఏమవుతుందో లేటరైట్ నేలలు చెబుతాయి. కొంకణ తీరంలో దీనిని జాంభా అంటారు. నేలలో ఉన్నప్పుడు దీనిని ఇటుకల్లా కోయవచ్చు. గాలి తగిలి ఎండితే గట్టిపడుతుంది. అడవి నరికి, హ్యూమస్ ఉన్న పైపొరను వానకు వదిలేస్తే ఇటువంటి నేల బయటపడి బండబారుతుంది. అక్కడ నాగలి దిగదు.

మట్టి ఏర్పడటానికి వందల, వేల సంవత్సరాలు పడుతుంది. అది కొట్టుకుపోవడానికి కొన్ని వానకాలాలు చాలు. రాలిన ఆకులను తగలబెట్టకుండా గుంటలో వేసి ఎరువు చేస్తే, వాటిని మళ్లీ నేలకే అప్పగించినవారమవుతాం.