బ్రేకుల్లేని సైకిల్, జీపీఎస్ అందని ట్రాక్: మొదటి వెలోడ్రోమ్ సెషన్‌కి ఏం రెడీ చేసుకోవాలి?

బెజవాడలో ఇప్పుడు పొద్దున్నే కరకట్ట మీదకి వెళ్తే హ్యాండిల్‌కి సైకిల్ కంప్యూటరో, చేతికి స్మార్ట్‌వాచో లేని రైడర్ తక్కువ. వాళ్లలో కొందరికి తర్వాత పుట్టే కోరిక ట్రాక్. కానీ ఇండోర్ ట్రాక్ మన దగ్గర లేదు. హైదరాబాద్ ఉస్మానియా క్యాంపస్‌లో వెలోడ్రోమ్ ఉంది కానీ అది ఆరుబయట. పైకప్పు కింద చెక్క ట్రాక్ కావాలంటే ఢిల్లీ ఇందిరాగాంధీ స్టేడియం కాంప్లెక్స్‌కి వెళ్లాలి. 2010 కామన్వెల్త్ గేమ్స్ కోసం కట్టిన ట్రాక్ అది. 2022 జూన్‌లో ఆసియా ట్రాక్ ఛాంపియన్‌షిప్స్ స్ప్రింట్‌లో రొనాల్డో సింగ్ సిల్వర్ గెలిచింది అక్కడే. బయటివాళ్లకి సెషన్ ఇస్తారా, అద్దె సైకిల్ దొరుకుతుందా, పెడల్స్ ఏ రకం, ఇవన్నీ కనుక్కున్నాకే రైలు టికెట్ బుక్ చేయండి.

ఇక మన సబ్జెక్ట్, గ్యాడ్జెట్స్. పైకప్పు కింద శాటిలైట్ సిగ్నల్ సరిగా అందదు. పైగా 250 మీటర్ల చుట్టులో మలుపు మీద మలుపు. వాచ్‌ని అవుట్‌డోర్ రైడ్ మోడ్‌లో వదిలేస్తే మ్యాప్‌లో పిచ్చి గీతలు, స్పీడ్ అంతా తప్పు. ఇండోర్ సైక్లింగ్ మోడ్ పెట్టి టైమ్, హార్ట్‌రేట్ మాత్రం తీసుకోండి. హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే మణికట్టు సెన్సర్ తడబడుతుంది, ఛాతీ బెల్ట్ బెటర్. స్పీడ్ నిజంగా కావాలంటే చక్రం హబ్‌కి తగిలించే సెన్సర్ వాడొచ్చు. దానికి జీపీఎస్‌తో పని లేదు, యాప్‌లో చక్రం చుట్టుకొలత ఇస్తే చాలు (700x23 టైరుకి సుమారు 2,096 మి.మీ). అయితే అద్దె సైకిల్‌కి ఏది తగిలించాలన్నా ముందు కోచ్‌ని అడగాలి.

ఫోన్ మాత్రం బ్యాగ్‌లోనే. జేబులోంచి జారి ట్రాక్ మీద పడితే పగిలేది స్క్రీన్ ఒక్కటే కాదు, వెనక వచ్చేవాళ్లు దాని మీదకే ఎక్కుతారు. వాళ్ల దగ్గర బ్రేకులు ఉండవు మరి! అధికారిక పోటీల్లో అయితే డిస్‌ప్లే రైడర్ కంటికి కనపడకూడదని రూలే ఉంది. అందుకే ప్రోలు ఆ యూనిట్‌ని సీటు కింద దాచుకుంటారు.

అసలు భయపడాల్సింది ఫ్రీవీల్ లేకపోవడం గురించి. వెనక చక్రం తిరిగినంతసేపూ పెడల్స్ తిరగాల్సిందే. అలవాటుకొద్దీ ఒక్క క్షణం కాళ్లు ఆపితే సైకిలే మిమ్మల్ని సీట్లోంచి ఎత్తేస్తుంది. ఆగాలంటే కాళ్ల వేగం మెల్లగా తగ్గిస్తూ కిందకి దిగి రెయిలింగ్ పట్టుకోవాలి.

రెండోది స్లోప్. ఇలాంటి 250 మీటర్ల ట్రాక్‌లో మలుపు దగ్గర వాలు దాదాపు 42 డిగ్రీలు. చూడగానే స్లో చేద్దామనిపిస్తుంది, సరిగ్గా అదే చేయకూడదు. స్పీడ్ తగ్గితే టైరు చెక్క మీద జారిపోతుంది. గంటకి 30 కిలోమీటర్లు అనేది సేఫ్ లెక్క. అంటే చుట్టుకి 30 సెకన్లు, కాబట్టి మామూలు స్టాప్‌వాచ్ చాలు. 48x15 గేర్ అయితే నిమిషానికి సుమారు 74 పెడల్ చుట్లు.

ఈ 74కి ప్రాక్టీస్ ఇక్కడే చేయొచ్చు. డెల్టా రోడ్లు చదును, కాళ్లు ఆపి జారుకుంటూ పోవడానికి దిగుడే ఉండదు. ట్రాఫిక్ లేని పొద్దున్న బందరు కాలువ గట్టునో ఏలూరు కాలువ గట్టునో మామూలు సైకిల్ మీదే, క్రాంక్‌కి కేడెన్స్ సెన్సర్ పెట్టి, 20 నిమిషాలు పెడల్ ఆపకుండా 75 దగ్గర తొక్కండి. గ్రాఫ్‌లో సున్నాకి పడిన ప్రతి గుంట మీ పాత అలవాటే (స్పీడ్ బ్రేకర్లకి మినహాయింపు ఉంది లెండి, అక్కడ బ్రేక్ వేయండి). అంతేగానీ బ్రేకుల్లేని ఫిక్స్‌డ్ సైకిల్ కొని మన రోడ్ల మీదకి రాకండి. అది ప్రాక్టీస్ కాదు, పిచ్చి.

ట్రాక్ మీద తిరిగేది ఎడమ వైపుకి, ఓవర్‌టేక్ మన రోడ్ల లాగే కుడి వైపు నుంచి. పైకి వెళ్లే ముందు ప్రతిసారీ కుడి భుజం మీదుగా వెనక్కి చూడాలి. మొదట కింద లేత నీలం పట్టీ మీద, స్పీడ్ కుదిరాక నల్ల గీత మీద, ఆ తర్వాతే ఎర్ర గీత పైకి. హెల్మెట్, గ్లవ్స్ ఇంటి నుంచే పట్టుకెళ్లండి. అక్కడ ఇచ్చేవి మీ సైజ్ ఉంటాయన్న గ్యారంటీ లేదు.