ఇంట్లోనే విమానం కడతారా? కిట్ కొనే ముందు ఇవి చూసుకోండి

ఇంటి షెడ్డులో విమానం కట్టి ఎగరేసిన వాళ్ల వీడియోలు ఫోన్లలో తిరుగుతూనే ఉంటాయి. చిల్లకల్లులో డిప్లొమా చదివే కుర్రాడు చూసినా, డాలస్‌లో ఉద్యోగం చేసే వాళ్ల మామూ చూసినా ప్రశ్న ఒకటే: ఇది మనకూ అవుతుందా? అవుతుంది. కానీ ఏ కిట్ ఎంచుకున్నారు, ఏ దేశంలో కడుతున్నారు అన్నదాన్ని బట్టే డబ్బూ ప్రాణమూ నిలుస్తాయి.

కిట్ అంటే కంపెనీ కత్తిరించి, చాలావరకు రంధ్రాలు కూడా వేసి పంపే విడిభాగాలు. వాటిని జోడించుకునేది కొన్నవాళ్లే. అమెరికాలో సగానికి పైగా పని సొంతంగా చేస్తేనే దాన్ని ఇంట్లో కట్టిన విమానంగా నమోదు చేస్తారు. దీన్నే 51 శాతం నియమం అంటారు.

మనవాళ్లు చేసి చూపించారు

కేరళకు చెందిన అశోక్ తామరాక్షన్ బ్రిటన్‌లో తన ఇంటి దగ్గరే నాలుగు సీట్ల విమానం కట్టారు. దక్షిణాఫ్రికా కంపెనీ స్లింగ్ వారి కిట్ అది. ఖర్చు సుమారు 1.40 లక్షల పౌండ్లు. 2022లో భార్యాపిల్లలతో అందులో యూరప్ తిరిగొచ్చారు.

ముంబై పైలట్ అమోల్ యాదవ్ కిట్ కూడా లేకుండా, సొంత డిజైన్‌తో మేడ మీద ఆరు సీట్ల విమానం తయారు చేశారు. 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు. రిజిస్ట్రేషన్ 2017 నవంబరులో, ఎగిరేందుకు పర్మిట్ 2019లో వచ్చాయి. కట్టడం ఒక ఎత్తు, కాగితాలు ఇంకో ఎత్తు.

ఎక్కడ దిగుతుంది?

మొదటి ప్రశ్న ఇదే. జెనిత్ సీహెచ్ 701 లాంటివి కొద్దిపాటి గడ్డి నేల మీద లేస్తాయి, దిగుతాయి. వేగం మాత్రం తక్కువ. వ్యాన్స్ కంపెనీ ఆర్‌వీ రకాలు చాలా వేగంగా పోతాయి, వాటికి మంచి రన్‌వే కావాలి. పొట్టి నేల చాలు కదా అని మన పత్తి చేల పక్కన దింపుతామంటే కుదరదు, అనుమతి ఉన్న చోటే దింపాలి.

తర్వాత, దేనితో చేశారో చూడాలి. అల్యూమినియం రేకుల్ని రివెట్లతో బిగించడం నేర్చుకోవడం తేలిక, తప్పు జరిగితే కంటికి కనబడుతుంది. ఇనుప గొట్టాల మీద గుడ్డ కప్పే రకం తేలిగ్గా ఉంటుంది, కానీ ఎండకు గుడ్డ పాడవుతుంది. ఫైబర్‌గ్లాస్ నునుపుగా వస్తుంది. వేడికి మెత్తబడకుండా దానికి తెల్లరంగే వేస్తారు. మన ఎండల్లో ఇది చిన్న విషయం కాదు.

లెక్క సరిగ్గా వేసుకోండి

కిట్ ధర చూసి మోసపోవద్దు. ఇంజిన్, ప్రొపెల్లర్, మీటర్లు, రేడియో చాలాసార్లు విడిగా కొనాలి. వాటి మీద దిగుమతి ఖర్చు, పనిముట్లు, షెడ్డు అదనం. టైమ్ కూడా డబ్బే. 1,500 గంటల పనిని వారానికి 10 గంటల చొప్పున చేస్తే దాదాపు మూడేళ్లు పడుతుంది.

పెద్ద కంపెనీ అయితే భయం లేదనుకోవడానికీ లేదు. ఈ రంగంలో అందరికీ తెలిసిన వ్యాన్స్ కంపెనీయే 2023 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది. ముందుగా డబ్బు కట్టినవాళ్లు ఎక్కువ ధరకు ఒప్పుకోవాల్సి వచ్చింది. 2024లో కంపెనీ మళ్లీ నిలదొక్కుకుంది. అందుకే మొత్తం సొమ్ము ఒకేసారి కట్టకండి. ముందు తోక భాగం మాత్రమే కొని కట్టి చూడండి. చేతికి పని వస్తుందో లేదో అక్కడే తేలిపోతుంది.

చట్టం, ప్రాణం

ఇండియాలో డీజీసీఏ రిజిస్ట్రేషన్, ఎగిరే పర్మిట్, నడిపే మనిషికి లైసెన్సు తప్పనిసరి. రిజిస్టర్ అయిన ప్రతి విమానం మీదా వీటీ అనే అక్షరాలతో మొదలయ్యే గుర్తు ఉంటుంది. కిట్ ఆర్డర్ పెట్టకముందే ఆ మోడల్‌కు ఇక్కడ అనుమతి దొరుకుతుందా అని డీజీసీఏను రాతపూర్వకంగా అడగాలి. ఈ పని మనదేశానికి కొత్తదేం కాదు. బెంగళూరులోని రాజ్‌హంస అల్ట్రాలైట్స్ ఎక్స్-ఎయిర్ కిట్లను విదేశాలకు సైతం అమ్మింది.

ఇక ప్రమాదం సంగతి. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2012లో ఇచ్చిన నివేదిక ప్రకారం, అక్కడి చిన్న విమానాల్లో ఇంట్లో కట్టినవి దాదాపు 10 శాతం. 2011లో ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో మాత్రం వాటి వాటా 21 శాతం. అందుకే ప్రతి దశలోనూ అనుభవం ఉన్న ఇంజినీరుకు చూపించాలి. మొదటిసారి ఎగరేటప్పుడు ఆ రకం విమానం నడిపిన పైలటే కూర్చోవాలి. కట్టినవాడికి ఎంత ముచ్చటున్నా సరే, ఆ రోజు పిల్లల్ని ఎక్కించకూడదు.

ఇంట్లో కుర్రాడికి నిజంగా ఆసక్తి ఉంటే తిట్టి ఆపకండి, అప్పు చేసి కిట్ కూడా కొనకండి. ముందు ఏరోమోడలింగ్, రివెట్ పని, ఒక ఫ్లయింగ్ క్లబ్‌లో ఒక్క గంట పాఠం. వీటి తర్వాత కూడా కోరిక తగ్గకపోతే అప్పుడు కిట్ గురించి కూర్చుని మాట్లాడుకోవచ్చు.