విరిగిన క్రేయాన్లు – సంక్రాంతి కళాకృతులు

భోగినాడు పాత వస్తువులను మంటలో వేయడం మన ఆనవాయితీ. సూరత్ నగరంలో, తాపీ నది పశ్చిమ తీరాన గల అడాజన్‌లో నివసించే తెలుగు కుటుంబాల వారమైన మేము కూడా పండుగకు ముందు ఇల్లు సర్దుకుంటాము. అప్పుడు పిల్లల పెట్టెలలో బయటపడేవి విరిగిన క్రేయాన్లు. వాటిని మంటకు గాని, చెత్తకుండీకి గాని చేర్చవద్దని మా విన్నపము.

సాధారణ క్రేయాన్లలో అధిక భాగం పారఫిన్ మైనమే. ముడి చమురు నుండి లభించే ఈ పదార్థం మట్టిలో త్వరగా కలిసిపోదు. అయితే 60 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటుగా కరిగి, చల్లారగానే తిరిగి గట్టిపడుతుంది. ఈ గుణమే మనకు ఆధారము.

ముక్కలను నీటిలో నానబెట్టి కాగితాలు ఒలవడం, రంగుల వారీగా వేరుచేయడం పిల్లలకు అప్పగించవచ్చును. అన్నింటినీ కలిపివేస్తే మిగిలేది మట్టిరంగే. కరిగించే పని మాత్రం పెద్దలదే. మైనాన్ని నేరుగా మంటపై కాచరాదు. మితిమీరి వేడెక్కితే అంటుకొనగలదు. మైనపు గిన్నెను వేడినీటి పాత్రలో నిలిపితే వేడి 100 డిగ్రీలు దాటదు. ఆ గిన్నెను మరల వంటకు వాడరాదు. కరిగిన మైనాన్ని సిలికాన్ అచ్చులలో పోస్తే కొత్త క్రేయాన్లు సిద్ధము.

జనవరి 14న ఉత్తరాయణ్ సందర్భంగా సూరత్ ఆకాశం గాలిపటాలతో నిండిపోతుంది. క్రేయాన్ తురుమును రెండు బటర్ పేపర్ల నడుమ చల్లి, పైన గుడ్డ పరచి, తక్కువ వేడిగల ఇస్త్రీపెట్టెతో పెద్దలు అద్దాలి. చల్లారిన పిదప పిల్లలు దానిని గాలిపటంలా కత్తిరించి కిటికీకి వేలాడదీస్తే ఎండలో రంగుటద్దమై మెరుస్తుంది.

విరిగినదెల్లా వ్యర్థం కాదన్న పాఠాన్ని పిల్లలు చేతులతోనే నేర్చుకుంటారు.