కిరణ చికిత్సాకాలంలో రసాయన ఔషధాలు వాడవచ్చునా?

దివిసీమనుండి నోటి క్యాన్సరుకు ‘కరెంటు’ పెట్టించుకొంటున్నవారి బంధువులు నన్ను ఉసిరి రసాయనం, బలం మాత్రలు అడుగుతుంటారు. నేను ఇవ్వను. కిరణాలు కణంలోని నీటిని ఛేదించి ఫ్రీ రాడికల్స్‌ను పుట్టిస్తాయి. క్యాన్సరు కణం నశించేది చాలావరకు వాటివల్లనే. చెంపలోపలి మంచి పొర పుండ్లుపడేదీ వాటివల్లనే. రెంటిలో దేనిని కాపాడాలో మాత్రకు తెలియదు. కెనడాలో 540 మంది తల, మెడ క్యాన్సరు రోగులపై పరీక్షించి 2005లో ప్రకటించిన ఫలితాలలో, అధికమోతాదు విటమిన్ ఇ, బీటా కెరోటిన్ కలిపి వాడినవారికి బాధ కొంత తగ్గినది. కాని వ్యాధి తిరగబెట్టే ధోరణి కానవచ్చినది.

పుండ్లకు ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటితో తరచు పుక్కిలింత, చల్లార్చిన గంజి, పెసరకట్టు, కమ్మని పెరుగన్నం మేలు. ఆవకాయ, చుట్ట వద్దు. కూరలో పసుపుకు భయం లేదు. చికిత్స ముగిసిన పిమ్మట, ఆ వైద్యునితో చెప్పి, రసాయనం సంగతి ఆలోచిద్దాం.